పచ్చి మాంసం, పెంపుడు జంతువులు, పురిటికి వస్తున్న అమ్మాయి

ప్రశ్న: మేము హైదరాబాద్‌లోని నాచారంలో ఉంటాము. మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ కుక్క, ఏడాదిన్నర వయసున్న నాటు పిల్లి ఉన్నాయి. కుక్కకు దురద ఎక్కువైందని, ప్యాకెట్లలో వచ్చే కుక్కతిండి గుళికలే అందుకు కారణమని మా అబ్బాయి ఎక్కడో చదివి, రెండు నెలలుగా రెండింటికీ పచ్చి మాంసమే పెట్టిస్తున్నాడు. చికెన్ షాపులో కుక్కలకని అడిగితే కట్టి ఇచ్చే మెడలు, కాళ్లు, కందనకాయలు, వారానికోసారి మేక కార్జం, ఊపిరితిత్తులు తెచ్చి, పొట్లాలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటున్నాము. కుక్క బొచ్చు నిగనిగలాడుతున్న మాట నిజమే. అయితే మా అమ్మాయి వచ్చే నెల పురిటికి వస్తోంది. ఇంట్లో ఎనభై ఏళ్ల మా అత్తగారున్నారు, ఆవిడకు షుగర్. "అడవిలో తోడేలు వండుకొని తింటుందా?" అని మా అబ్బాయి వాదన. "ముందు ఆ పిల్లిని ఎవరికైనా ఇచ్చేయండి" అని మా వియ్యపురాలి పట్టు. మాంసం మంచిదా, ప్యాకెట్ తిండి మంచిదా, ఇంట్లో వాళ్లకు ఏమైనా ప్రమాదమా, వివరంగా చెప్పగలరు.
— ఒక గృహిణి

సమాధానం: అమ్మా, మీకు తొందరగా కావలసిన జవాబు ముందు చెబుతాను. పచ్చి మాంసం పెట్టడం ఈ రోజే ఆపండి. మాంసం పెట్టడం మాత్రం ఆపనక్కరలేదు, ఉడికించి పెట్టండి. పిల్లిని ఎవరికీ ఇవ్వవద్దు, దాని అవసరం లేదు. మీ అబ్బాయి చూసిన మేలు చాలావరకు నిజమేగాని, ఆ మేలు మాంసంలో ఉన్నదే తప్ప దాని పచ్చిదనంలో ఉన్నది కాదు. ఈ తేడా అతనికి తెలిస్తే మీ ఇంట్లో సగం వాదన తీరిపోతుంది కాబట్టి, కాస్త వివరంగానే రాస్తున్నాను.

తోడేలు సంగతితోనే మొదలుపెడదాం. కుక్క తోడేలు వంశంలోనిదే, అందులో వివాదం లేదు. కానీ వేల ఏళ్లుగా మనిషి వండుకున్న తిండిలో మిగిలినది తింటూ బతికిన కుక్క శరీరం ఆ తిండికి తగినట్టుగా మారింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చి చూసినప్పుడు, పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు తేలింది. మన ఊళ్లలో పెరుగన్నం తిని పన్నెండేళ్లు బతికిన కుక్కలను చూసినవారికి ఇది వింతగా తోచదు. ఆ పెరుగన్నం సంపూర్ణాహారమని నేను అనడం లేదు, ఉడికిన అన్నం కుక్కకు అరుగుతుందని మాత్రమే చెబుతున్నాను. ఇక అడవిలో తోడేలు పచ్చి మాంసం తిని హాయిగా ఉంటుందన్నది మనం దూరం నుంచి అనుకునే మాట. దాని కడుపునిండా నులిపురుగులుంటాయి, ఎముకలు నమిలి పళ్లు విరుగుతాయి, చాలా తోడేళ్లు ఆరేడేళ్లకు మించి బతకవు. మీ లాబ్రడార్ అంతకు రెట్టింపు కాలం మీతో ఉండాలని కదా మీ కోరిక.

పిల్లి కథ వేరు. అది నూటికి నూరుపాళ్లు మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని చాలినంతగా తన శరీరంలో తాను తయారు చేసుకోలేదు, క్యారెట్‌లో ఉండే పసుపు వర్ణకం నుంచి విటమిన్ ఎ చేసుకోలేదు, అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వును నూనెల నుంచి చేసుకోలేదు. ఇవన్నీ దానికి జంతువుల నుంచే రావాలి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని డేవిస్ పశువైద్య కళాశాల పరిశోధకులు, పిల్లుల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకు టారిన్ లోపం కారణమని కనుగొన్నారు. ఆ పిల్లులు తింటున్నది అప్పటి మార్కెట్‌లో దొరికే ప్యాకెట్ తిండే. కాబట్టి ప్యాకెట్ తిండిని అనుమానించేవారి అనుమానం ఒకప్పుడు అక్షరాలా నిజమైందని ఒప్పుకోవాలి. ఆ తర్వాత తయారీదారులు టారిన్ పాళ్లు పెంచారు, ఆ కారణంగా వచ్చే గుండెజబ్బు ఇప్పుడు అరుదైపోయింది. పెరుగన్నం తిని కుక్క నెట్టుకురాగలదుగాని, పిల్లి అలా కాదు. మీ పిల్లికి మాంసం ఉండితీరాలి.

మరి బొచ్చు ఎందుకు నిగనిగలాడుతోంది? కోడి తోలుతో, మెడలతో లోపలికి వెళుతున్న కొవ్వు వల్ల. అదే కొవ్వు ఉడికిన మాంసంలోనూ ఉంటుంది. కొందరికి మలం కూడా తగ్గి గట్టిపడినట్టు కనిపిస్తుంది. మాంసం బాగా అరుగుతుంది, ఎముక మలాన్ని గట్టిపరుస్తుంది, అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. ఎముకలతో కూడిన పచ్చి మాంసమే కుక్కకు సహజాహారమని ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసినప్పటి నుంచి ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. పచ్చి మాంసంలోని ఎంజైములు జీర్ణానికి తోడ్పడతాయని, వండితే అవి చచ్చిపోతాయని ఈ పక్షంవారు తరచు అంటారు. వండితే ఎంజైములు పోతాయన్నది నిజమే. కానీ కుక్కకైనా పిల్లికైనా అరుగుదలకు కావలసిన ఎంజైములను వాటి క్లోమగ్రంథే ఇస్తుంది, మాంసంలో ఉన్నవాటితో వాటికి పని లేదు. వంటలో నిజంగా పోయేవి కొన్ని బి విటమిన్లు, ఉడికిన నీళ్లలోకి దిగిపోయే కొంత టారిన్. ఆ నీళ్లు పారబోయకుండా తిండిలోనే కలిపితే ఆ నష్టంలో ఎక్కువభాగం పూడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన చికెన్ షాపు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. గొంతు కోసిన కోడిని నీలిరంగు డ్రమ్ములో పడేస్తారు, గిలగిల ఆగాక ఈకలు పీకే యంత్రంలో తిప్పుతారు, అదే చెక్కమొద్దు మీద అదే కత్తితో పొద్దున్నుంచి రాత్రి దాకా పేగులూ తీస్తారు, ముక్కలూ కొడతారు. మనకు కావలసిన ముక్కలు కవరులో పడ్డాక మిగిలిన మెడలు, కాళ్లు, తోలు పక్కన తట్టలో పోగుపడతాయి. కుక్కలకని అడిగితే నల్ల కవరులో కట్టి ఇచ్చేది ఆ తట్టలోదే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో బాక్టీరియా గంటగంటకూ ఎన్నో రెట్లు పెరుగుతుంది. దుకాణదారుణ్ణి తప్పుపట్టవలసిన పని కూడా లేదు. అతను అమ్మేది ఇంటికి తీసుకెళ్లి వండుకునే సరుకు. మన దగ్గర మాంసం కోత నుంచి అమ్మకం దాకా ఏర్పాటంతా చివర్లో పొయ్యి ఒకటి ఉంటుందన్న నమ్మకం మీదే నడుస్తోంది. పచ్చిగా పెట్టేవారు ఆ చివరి మెట్టును ఎత్తేస్తున్నారు, దానికి ముందున్న మెట్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

పచ్చి కోడిమాంసంలో తరచు ఉండేవి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాలు. ఆరోగ్యంగా ఉన్న కుక్క వీటిని తిని ఏమీ కానట్టే తిరగవచ్చు. మీ అబ్బాయి "రెండు నెలలైంది, దానికి ఏమైంది?" అని అడిగితే, ఏమీ కాకపోవచ్చునన్నదే జవాబు. చిక్కంతా ఏమిటంటే, వాంతులు, విరేచనాలు లేకుండానే అది ఆ బాక్టీరియాను మలంలో రోజులు, ఒక్కోసారి వారాల తరబడి విడుస్తుంటుంది. తిన్న మూతితో చేయి నాకుతుంది, సోఫా నాకుతుంది, తోకా తొడలూ నాక్కున్న నాలుకతో మీ అత్తగారి చీరకొంగు నాకుతుంది. మీకు, నాకు వస్తే రెండు రోజుల విరేచనాలతో పోయే జబ్బు, ఎనభై ఏళ్ల షుగర్ మనిషికి, నిండు గర్భిణికి, నెలల పసిగుడ్డుకు అంత తేలిగ్గా పోదు. వారికి అది రక్తంలోకి పాకవచ్చు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే కుక్కలకు, పిల్లులకు పచ్చి మాంసం పెట్టవద్దని విధానపరంగా ప్రకటించడానికి ఒక ముఖ్యకారణం ఇదే, జంతువుతో పాటు ఆ ఇంటి మనుషుల ఆరోగ్యం.

మన ఇళ్లలో కోడిమాంసాన్ని ఉప్పు, పసుపు వేసి రెండు మూడు నీళ్లు కడగడం అలవాటు. నీచువాసన పోతుందిగాని బాక్టీరియా పోదు. పైగా కుళాయి కింద కడిగినప్పుడు తుంపరలు సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా పడి, లేనిచోటికి కూడా దాన్ని పాకిస్తాయి. నిమ్మకాయ, వెనిగర్ సంగతీ అంతే. ఫ్రీజర్ విషయంలో ఇంకో అపోహ ఉంది. గడ్డకట్టినప్పుడు సాల్మొనెల్లా చావదు, నిద్రపోతుంది, కరిగినప్పుడు లేస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి మీ పొట్లాలు సగం కరిగి, మళ్లీ గడ్డకట్టిన రోజులుంటే ఆ బాక్టీరియా రెండు విడతలు పెరిగినట్టు లెక్క. కొన్ని పరాన్నజీవులను మాత్రం గడ్డకట్టించడం చంపుతుంది, ఆ మాట పిల్లి దగ్గర మళ్లీ వస్తుంది.

మీరు పెడుతున్న మెడల గురించి విడిగా చెప్పాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2018లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, వెనుక కాళ్లు చచ్చుబడటంతో మొదలై నాలుగు కాళ్లకూ పాకే ఒక నరాల జబ్బుకు, పచ్చి కోడిమాంసం తినడానికి గట్టి సంబంధం కనిపించింది. మధ్యలో ఉన్న అనుమానితుడు కాంపైలోబాక్టరే. ఆ దేశంలో కుక్కలకు మెడలే ఎక్కువగా వేస్తారు. ఆ జబ్బు అరుదైనదే, చాలా కుక్కలు కోలుకుంటాయి కూడా, కానీ అందుకు వారాలు, నెలలు పడుతుంది. ముప్పై కిలోల కుక్కను అన్నాళ్లు ఎత్తి తిప్పి పడుకోబెట్టడం మీ ఇంట్లో ఎవరి వంతవుతుందో ఆలోచించండి. ఇంకొకటి, ఏ జంతువు మెడభాగమైనా థైరాయిడ్ గ్రంథి అంటుకొని ఉన్నది రోజూ తింటే, ఆ హార్మోను కుక్క రక్తంలో పెరిగి, బరువు తగ్గడం, అలజడి, విపరీతమైన దాహం రావడం కూడా పశువైద్యులు చూసినదే.

బర్డ్ ఫ్లూ సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో అది బయటపడినప్పుడు హైదరాబాద్‌లో చికెన్ కొనేవారే తగ్గిపోయారు. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో భయం లేదని ప్రభుత్వం చెప్పింది, అది సరైన మాటే, ఎందుకంటే 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ నిలవదు. పచ్చి మాంసానికి మాత్రం ఆ భరోసా వర్తించదు. హెచ్5ఎన్1 అనే ఈ రకం పిల్లి జాతికి ప్రాణాంతకం. అంతకు కొద్ది వారాల ముందే నాగపూర్ దగ్గర గోరేవాడలోని వన్యప్రాణి కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనితో చనిపోయాయి, వాటికి వేసిన కోడిమాంసం మీదికే అనుమానం వెళ్లింది. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక పెంపుడు పిల్లి ప్యాకెట్‌లో అమ్మిన పచ్చి ఆహారం తిని చనిపోయింది, దాని శరీరంలో ఉన్న వైరస్, ఆ ప్యాకెట్‌లో ఉన్న వైరస్ ఒకటేనని పరీక్షలో తేలింది. ఈ మధ్య హైదరాబాద్‌లో కూడా శుభ్రంగా సీలు వేసి ఇంటికి తెచ్చి ఇచ్చే పచ్చి మాంసపు ప్యాకెట్లు వస్తున్నాయి గనుక ఈ ఉదాహరణ చెబుతున్నాను. ప్యాకింగ్ బాగున్నంత మాత్రాన లోపల ఉన్నది పచ్చి మాంసం కాకపోదు.

కోళ్లపెంపకంలో మందుల వాడకం వల్ల వచ్చే ఇబ్బంది కూడా దీనికి తోడు. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లు త్వరగా పెరగడానికి దాణాలో వాడుతున్నారని గుర్తించి, కేంద్ర ప్రభుత్వం 2019లో దాన్ని ఆహార జంతువులకు వాడకుండా నిషేధించవలసి వచ్చింది. మందులకు లొంగని బాక్టీరియాను పచ్చి మాంసం తినే కుక్కలు ఎక్కువగా మోస్తున్నాయని పలు దేశాల్లో చేసిన పరిశీలనల్లో కనిపించింది. పురిటింట్లో అటువంటిది అక్కరలేదు.

మేక కార్జం, ఊపిరితిత్తులు పచ్చిగా వేయడం మాత్రం అన్నిటికంటే ముందు ఆపవలసినది. కోసినప్పుడు వాటిలో ఎప్పుడైనా తెల్లగా, గోళీకాయంత నుంచి నిమ్మకాయంత దాకా, లోపల తేటనీరు నిండిన తిత్తులు కనిపించాయా? అవి హైడాటిడ్ తిత్తులు. మన దేశంలో గొర్రెల్లో, మేకల్లో, గేదెల్లో ఇవి కొత్త కాదు. ఆ తిత్తిని కుక్క పచ్చిగా తింటే దాని పేగులో బియ్యపుగింజ కంటే పెద్దవి కాని బద్దెపురుగులు వేల సంఖ్యలో పెరుగుతాయి. కుక్కకు ఏ బాధా ఉండదు, మలంలో కంటికి ఏమీ కనిపించదు. కానీ తిన్న ఆరేడు వారాల తర్వాత నుంచి ఆ మలంలో గుడ్లు పడుతుంటాయి, బొచ్చుకు అంటుకుంటాయి, కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్న మనిషి కడుపులోకి చేరతాయి. మనిషికి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో అవే తిత్తులు ఏళ్లతరబడి నెమ్మదిగా పెరిగి, చివరికి ఆపరేషన్ దాకా తెస్తాయి. మీరు ఇప్పటికి రెండు నెలలుగా పెడుతున్నారు కాబట్టి, అమ్మాయి వచ్చేలోగా కుక్కను పశువైద్యుడికి చూపించి, ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు బరువును బట్టి వేయించండి. అన్ని నులిపురుగుల మందుల్లోనూ అది ఉండదు, అడిగి మరీ వేయించండి. ఉడికించిన కార్జంతో ఈ భయమేమీ లేదు.

ఇక పిల్లి. వియ్యపురాలిగారి భయం పిల్లి మలం ద్వారా సోకగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించే అయి ఉంటుంది. భయం అసలు లేనిది కాదు, గర్భిణికి ఆ సమయంలో కొత్తగా సోకితే గర్భంలోని శిశువుకు హాని జరగవచ్చు. కానీ పిల్లి ఇంట్లో ఉన్నంత మాత్రాన అది రాదు. పచ్చి మాంసమో, ఎలుకనో తిని పిల్లికి మొదటిసారి సోకినప్పుడు, అది ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే మలంలో ఆ గుడ్లను విడుస్తుంది. ఆ గుడ్లు కూడా బయటపడిన వెంటనే అంటుకోవు, కనీసం ఒక రోజు, కొన్నిసార్లు ఐదు రోజులు పడుతుంది. అంటే ఇసుక తట్టను ప్రతిరోజూ ఒకసారి శుభ్రం చేస్తే, ఆ పని అమ్మాయి కాక ఇంకెవరైనా చేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే, ఈ దారి దాదాపు మూసుకుపోతుంది. పిల్లికి ఉడికిన తిండే పెట్టి, బయటికి వెళ్లి ఎలుకలు పట్టకుండా చూస్తే దానికి కొత్తగా సోకే అవకాశమే ఉండదు. మాంసాన్ని −12 డిగ్రీలకు దిగువన కొన్ని రోజులు పూర్తిగా గడ్డకట్టించినా టాక్సోప్లాస్మా చస్తుంది, కానీ పాత ఫ్రిజ్‌ల పైఅరలు ఆ చలిని నిలకడగా ఉంచుతాయని నమ్మలేం. ఇంకో మాట వియ్యపురాలిగారికి నెమ్మదిగా చెప్పండి. గర్భిణులకు ఇది పిల్లి నుంచి కంటే సరిగా ఉడకని మాంసం నుంచి, కడగని ఆకుకూరల నుంచి, తోటపని మట్టి నుంచి ఎక్కువగా వస్తుంది. అమ్మాయికి అనుమానం తీరాలంటే ఆమెను చూస్తున్న డాక్టరమ్మగారు ఒక రక్తపరీక్ష రాస్తారు. పాపం, ప్రతి పురిటికీ ఎక్కడో ఒక పిల్లి ఇల్లు కోల్పోతూనే ఉంటుంది.

సూక్ష్మజీవులను పక్కన పెట్టినా మీరు పెడుతున్న తిండిలో ఒక లోటు, ఒక ఎక్కువ ఉన్నాయి. ఎముక లేని 100 గ్రాముల కోడిమాంసంలో భాస్వరం 200 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే, కాల్షియం 10, 15 మిల్లీగ్రాములకు మించదు. కుక్కకు కావలసింది భాస్వరం కంటే కొంచెం ఎక్కువ కాల్షియం. ఎముక లేని మాంసమే పెడితే శరీరం తన ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, కూనలకైతే కాళ్లు వంకరపోయి, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. మెడలు, కాళ్లే ఎక్కువగా పెడితే అటువైపు ఎక్కువై మలబద్ధకం వస్తుంది. కార్జం అతిగా పెడితే విటమిన్ ఎ పేరుకొని, పిల్లుల్లో మెడ ఎముకలు అతుక్కుపోవడం దాకా వెళుతుంది. మొత్తం తిండిలో కార్జం ఇరవయ్యో వంతుకు మించకుండా చూడండి. ఉడికిన ఎముకలు మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు, అవి పుల్లల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి. ఆదివారం బిర్యానీలో మిగిలిన బొమికలు, ఉల్లిపాయ ముక్కలతో సహా కుక్క పళ్లెంలో వంచడం మన ఊరి ఆనవాయితీ. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను, పిల్లులవైతే ఇంకా త్వరగా, పగలగొడతాయి.

మరేం పెట్టాలి? సులువైన దారి ఇదీ. పిల్లికి గాని కుక్కకు గాని దాని వయసుకు సంపూర్ణాహారమని పొట్లం మీద రాసి ఉన్న మంచి రకం తిండి ముఖ్యంగా పెట్టి, రోజూ తినేదాంట్లో పదోవంతు మించకుండా ఉడికిన మాంసం పైన వేయడం. పిల్లి విషయంలో నా సలహా ఇదొక్కటే. ఇంటివంటతో పిల్లి అవసరాలను పూర్తిగా తీర్చడం నిపుణులకే కష్టం. దానికి ఉడికిన కోడి గుండెకాయలు వేయండి, వాటిలో టారిన్ బాగా ఉంటుంది, రొమ్ము మాంసం కంటే తొడ మాంసంలో ఎక్కువ. పచ్చి చేపలు వద్దు, కొన్ని చేపల్లో ఉండే ఒక ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, ఉడికిస్తే ఆ ఎంజైమే పోతుంది.

కుక్కకు ఇంటివంటే పెట్టాలని మీకుంటే, ముప్పై కిలోల లాబ్రడార్‌కు రోజుకు సుమారు 1,300 కిలోకేలరీలు పడతాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క, కదలిక తక్కువైనది అయితే ఇంకా తగ్గించాలి. ఉడికించిన ఎముక లేని కోడిమాంసం 350 గ్రాములు, అన్నం మరో 350 గ్రాములు, ఒక ఉడికిన గుడ్డు, గుమ్మడికాయో క్యారెట్టో బీన్సో ఉడికించినది 100 గ్రాములు, ఒక పెద్ద చెంచా సన్‌ఫ్లవర్ నూనె, ఇవి రెండు పూటలకు పంచితే ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది. ఉప్పు, కారం, ఉల్లి, మసాలా లేకుండా, మాంసం ఉడికిన నీళ్లతో సహా కలపండి. కాల్షియం కోసం గుడ్డు పెంకులను కడిగి, ఉడికించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేసి, చిన్న చెంచాతో తలకొట్టి ఒక చెంచా రోజూ వేయండి. అందులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంతటితో అయిపోలేదు. జింక్, రాగి, అయోడిన్, విటమిన్ డి, ఇ ఈ గిన్నెలో చాలవు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 200 ఇంటివంట పద్ధతులను డేవిస్ పరిశోధకులు 2013లో లెక్కగట్టి చూస్తే, నూటికి 95 వాటిలో ఏదో ఒక పోషకం తక్కువగా ఉన్నట్టు తేలింది. అందువల్ల మీరు పెట్టేది గ్రాముల్లో కాగితం మీద రాసుకొని పశువైద్యుడికి చూపి, దానికి తగిన విటమిన్, ఖనిజ మిశ్రమం రాయించుకోండి. పైన చెప్పిన కొలతలు ఎదిగిన కుక్కకే. పెద్దజాతి కూనలకు కాల్షియం ఎక్కువైనా ప్రమాదమే కనుక వాటికి ఇది పనికిరాదు.

దురద గురించి ఒక్కమాట. గుళికల వల్ల దురద వచ్చిందో లేదో గుళికలు మానేసినంత మాత్రాన తేలదు. మన వాతావరణంలో లాబ్రడార్‌కు దురదంటే మొదట చూడవలసినవి పిడుదులు, చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో చేరే ఫంగస్. తిండి వల్లనే అయితే ఎక్కువగా ఏదో ఒక మాంసకృత్తి పడకపోవడం, అది కోడిదే కావచ్చు కూడా. కోడి పడని కుక్కకు పచ్చి కోడైనా, ఉడికిన కోడైనా, గుళికల్లోని కోడైనా ఒకటే. ఇది తేల్చాలంటే అంతకుముందు తినని ఒకే మాంసాన్ని ఎనిమిది వారాల పాటు, మరేదీ పెట్టకుండా పెట్టి చూడాలి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలో గాని, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గాని చర్మం గీకి పరీక్ష చేసి, ఏది ముందో చెబుతారు.

మార్పు ఒక్కరోజులో చేయకండి. కుక్కకు వారం, పది రోజుల్లో పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ రండి. పాతది అంటున్నది కూడా ఈ రోజు నుంచి ఉడికించే. పిల్లి మొండిది, కొత్త తిండి వాసన చూసి వెళ్లిపోతుంది. "ఆకలేస్తే అదే తింటుంది" అని వదిలేయవద్దు, రెండు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఉడికిన గుండెకాయ నీళ్లు కొంచెం గోరువెచ్చగా గుళికల మీద పోయండి, సాధారణంగా లొంగుతుంది.

ఫ్రీజర్‌లో ఉన్న పొట్లాల్లో కార్జం, ఊపిరితిత్తులు, కందనకాయలు బాగా ఉడికించి వాడుకోవచ్చు. రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించి కరగనివ్వండి, గట్టు మీద పెట్టి కాదు. మెడలు, కాళ్లు ఉడికిస్తే ఎముకలు ప్రమాదం కనుక వాటిని కుక్కర్లో వేసి, నీళ్లు వడగట్టుకొని, మిగిలినది పారేయండి. అలాగే వీధికుక్కలకు పచ్చిగా వేయకండి, మీ గేటు ముందు తిరిగే కుక్కల మలం కూడా మీ ఇంటి చెప్పులకే అంటుకుంటుంది. పొట్లాలు ఉంచిన అరను, తిండి గిన్నెలను, కోసిన పలకను సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడవండి. ఆ పలకను మాత్రం ఇకపై కూరగాయలకు వాడకండి.